మగ కుక్కపిల్లకు ఆపరేషన్ ఎప్పుడు? ‘ఆరు నెలలు’ అన్న ఒక్క మాట చాలదు

సంపాదకులు గారికి నమస్కారములు.

పెంపుడు కుక్కల సంరక్షణ గురించి మీ పత్రిక ఆదివారం సంచికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. టీకాల గురించి, నట్టల మందు గురించి అందులో రాసినవి పనికొచ్చే మాటలే. కానీ ‘మగ కుక్కపిల్లకు ఆరు నెలలు నిండగానే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలి’ అన్న వాక్యం దగ్గర, అంటే వృషణాలు తీసే ఆపరేషన్ మాట దగ్గర, ఆగిపోయాను. ఏ జాతి కుక్కకు, ఎంత బరువు పెరిగే కుక్కకు, ఏ ఇంట్లో ఎలా పెరుగుతున్న కుక్కకు అన్న ప్రశ్నే లేకుండా ఆ వాక్యం అక్కడితో ముగిసింది. మరుసటి వారం ప్రచురించిన పాఠకుల లేఖల్లో ఒకరు దీనికి పూర్తిగా ఎదురు వాదన చేశారు. మూగజీవి ఒంటి మీద కత్తి పెట్టే హక్కు మనకెవరిచ్చారని, ప్రకృతి ఇచ్చినదాన్ని తీసేయడం పాపమని ఆయన అభిప్రాయం. ఒకరు తేదీ చెప్పి కారణం చెప్పలేదు, మరొకరు కారణం చెప్పి కుక్కను మరిచారు. పది నెలల మగ కుక్కను ఇంట్లో పెట్టుకొని ఏం చేయాలో తోచని మనిషికి ఈ రెండింటి వల్లా దారి దొరకదు. అందుకే ఈ లేఖ కొంచెం పొడవైనా రాయక తప్పలేదు.

నేను పశువైద్యుణ్ణి కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించి విరమణ పొందినవాణ్ణి, రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. పాతికేళ్లుగా మా ఇంట్లో కుక్క లేని రోజులు తక్కువ. ఇక్కడ రాస్తున్నవి నేను చదివినవీ, పశువైద్యులను అడిగి తెలుసుకొన్నవీ, మా కుక్కల వల్ల నేర్చుకొన్నవీ.

ముందుగా ఒక తికమకను విడదీయాలి. వీధికుక్కల నియంత్రణ వేరు, ఇంటి కుక్క ఆరోగ్యం గురించి తీసుకొనే నిర్ణయం వేరు. మొదటిదానికి మన దేశంలో 2001లో నియమావళి వచ్చింది, దాని స్థానంలో 2023లో కొత్త జంతు జనన నియంత్రణ నియమావళి వచ్చింది. కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలడం దాని సారాంశం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా, రేబిస్ సోకినవీ దూకుడుగా మీద పడేవీ మినహా మిగిలిన వాటికి ఇదే పద్ధతి అని చెప్పింది. వీధికుక్క ఒకసారి వలలో పడితే మళ్లీ పడుతుందన్న నమ్మకం లేదు కనుక, పట్టిన రోజే దాని పని పూర్తి చేయాలి. అక్కడ ఎముకలు ఎంత పెరిగాయి, కీళ్లు ఎలా ఉన్నాయి అని ఆగి చూసే వీలుండదు. మన ఇంట్లో గొలుసుకు కట్టి ఉన్న కుక్క రేపూ ఉంటుంది, వచ్చే ఏడూ ఉంటుంది. ఆగడానికి మనకున్న వీలు మున్సిపాలిటీ బండికి లేదు. దానికి తగిన తొందరను మన వాకిట్లోకి తెచ్చుకోవలసిన అవసరమూ లేదు.

ఇంకొక సంగతి. వీధుల్లో కుక్కపిల్లల సంఖ్యను అసలు తగ్గించేది ఆడ కుక్కలకు చేసే ఆపరేషనే. ఒక వాడలో పది మగ కుక్కలుంటే తొమ్మిదింటికి చేసినా, మిగిలిన ఆ ఒక్కటి వాడలోని ఆడ కుక్కలన్నింటికీ చాలు. కాబట్టి మగ కుక్కకు చేయించే ఆపరేషన్ ప్రధానంగా ఆ కుక్క ఒంటికి, దాని ఇంటికి సంబంధించిన నిర్ణయం. అయితే ఇది గేటు తీసి వదిలే కుక్కకు వర్తించదు. ఆ మాట దగ్గరికే వస్తున్నాను.

మా మొదటి కుక్క ఊరకుక్కే. నల్లోడు అని పిలిచేవాళ్లం. దానికి ఆపరేషన్ చేయించాలన్న ఆలోచనే ఆ రోజుల్లో మాకు లేదు. పగలంతా అరుగు కింద పడుకొని, రాత్రి కాగానే ప్రహరీ దూకి వెళ్లిపోయేది. చిత్తకార్తె వస్తే ఇక చెప్పనవసరం లేదు. అక్టోబరు రెండో వారంలో మొదలయ్యే ఆ కార్తెను మనవాళ్లు కుక్కలకు ముడిపెట్టి తిట్టుగా వాడుతారు గానీ, అందులో పరిశీలన ఉంది. మన వీధికుక్కల్లో ఎక్కువ భాగం వానలు వెనకబట్టిన తరువాతే జతకడతాయి, చలికాలంలో ఈనుతాయి. నల్లోడు ఆ రోజుల్లో మూడు నాలుగు రోజులు తిండికి కూడా రాకుండా తిరిగి, చెవి చిరిగి, కాలు కుంటుతూ వచ్చేది. ఒక ఏడాది అలా తిరిగి వచ్చిన కొన్ని నెలలకు దాని జననాంగం నుంచి రక్తం చుక్కలు పడటం చూశాం. మూత్రంలో రక్తమేమో అనుకొని కొన్నాళ్లు జాగు చేశాం. తీరా పశువైద్యశాలకు తీసుకువెళ్తే, తోలు వెనక్కి లాగి చూపించారు. గోబీ పువ్వు లాంటి కండ పెరిగి ఉంది.

అది కలయిక వల్ల అంటుకొనే కణితి. జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇందులో ఒక కుక్క నుంచి ఇంకొక కుక్కకు పోయేది వైరసో బాక్టీరియానో కాదు, సాక్షాత్తు కణితి కణాలే పోతాయి. వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒకే ఒక్క కుక్క ఒంట్లో పుట్టిన కేన్సరు, ఆ కుక్క చచ్చినా తాను చావకుండా, కుక్క నుంచి కుక్కకు పాకుతూ మా నల్లోడి దాకా వచ్చింది. వీధికుక్కలు ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది అరుదైన జబ్బేమీ కాదు. అదృష్టవశాత్తు విన్‌క్రిస్టిన్ అనే మందుకు బాగా లొంగుతుంది. వారానికొకసారి నరానికి ఎక్కించారు, కొన్ని వారాలకు కణితి కరిగిపోయింది. ఆ మందు చుక్క నరం పక్కకు జారితే కండ కుళ్లుతుందని డాక్టరు గారు దాన్ని కదలకుండా పట్టుకోమని పదేపదే చెప్పడం, నేనూ మా అబ్బాయీ చెమటలు కక్కుతూ పట్టుకోవడం ఇప్పటికీ గుర్తు. మగ కుక్కను బయట తిరగనిచ్చే ఇల్లు ఏదైనా సరే, దానికి ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు నల్లోడే. అవసరం. ఆ కుక్క విషయంలో ఎదురుచూడటానికి కారణం చాలా గట్టిదై ఉండాలి.

ఇప్పుడున్న లాబ్రడార్ సంగతి వేరు. దానికి గేటు దాటే అలవాటు లేదు, దూకే అవకాశమూ లేదు, పొద్దునా సాయంత్రం తాడు పట్టుకొనే తిప్పుతాం. దానికి ఆరో నెల రాగానే ఒక డాక్టరు గారు వెంటనే చేయించమన్నారు. ఇంకొకరు, ఇది ముప్పై కిలోలు దాటే జాతి, ఏడాది నిండనివ్వండి, ఈ లోపు బయట వదలకండి అన్నారు. ఇద్దరూ చదువుకొన్నవారే, ఇద్దరూ మంచివారే. ఎవరి మాట వినాలని ఆలోచిస్తుంటే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు.

ఒంగోలు జాతి కోడెలను పెంచిన ఇళ్లలో దీనికి సమాధానం ఎప్పటినుంచో ఉంది. కోడెకు విత్తులు కొట్టించాలనడంలో మా నాన్నగారికి సందేహం ఉండేది కాదు, కొట్టించకపోతే అది కాడి కింద నిలవదు. కానీ ఎప్పుడు కొట్టించాలన్న దగ్గర మాత్రం ఆయన తొందరపడేవారు కాదు. మూపురం నిలవాలి, మెడ నిండాలి, ఎముక ముదరాలి అనేవారు. పసిగా ఉండగానే కొట్టిస్తే కాళ్లు పొడుగ్గా సాగి, మెడ సన్నబడి, బరువు లాగే ఎద్దుకు ఉండవలసిన కట్టు రాదని ఆయన లెక్క. ఆ లెక్క వెనక ఉన్న శరీరధర్మం నేను తరగతిలో చెప్పిన పాఠమే. పొడవాటి ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తని పొరలు ఉంటాయి. యవ్వనంలో పుట్టే లైంగిక హార్మోన్లు ఆ పొరలు గట్టిపడి మూసుకోవడానికి సంకేతమిస్తాయి. ఆ హార్మోన్లకు మూలమైన వృషణాలను ముందే తీసేస్తే పొరలు ఆలస్యంగా మూసుకొంటాయి, ఎముకలు ఉండవలసినదానికన్నా కొంచెం ఎక్కువ పొడవు పెరుగుతాయి, కీళ్ల దగ్గర ఎముకలు ఒకదానికొకటి అమరే తీరు తేడా పడుతుంది. చిన్న కుక్కలో ఆ తేడా పెద్దగా బాధించదు. ముప్పై, నలభై కిలోలు మోయవలసిన తుంటి, మోకాలు, మోచేతి కీళ్ల దగ్గర అది బయటపడుతుంది.

ఇది కేవలం ఊహ కాదని అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్య కళాశాలకు చెందిన బెంజమిన్ హార్ట్, ఆయన సతీమణి లినెట్ హార్ట్, వారి సహచరులు తమ ఆసుపత్రి రికార్డులతో చూపించారు. 2013లో 759 గోల్డెన్ రిట్రీవర్ల వివరాలు చూస్తే, ఏడాది లోపు ఆపరేషన్ జరిగిన మగ కుక్కల్లో నూటికి పదింటికి తుంటి కీలు లోపం కనిపించింది, ఆపరేషన్ జరగని మగవాటిలో కనిపించినదానికి ఇది రెట్టింపు. 2016లో జర్మన్ షెపర్డ్‌లను చూశారు. ఆపరేషన్ లేని మగవాటిలో ఏదో ఒక కీలు జబ్బు ఉన్నవి 7 శాతమైతే, ఏడాది లోపు చేయించిన మగవాటిలో 21 శాతం. 2020లో ముప్పై అయిదు జాతులను వరుసగా పరిశీలించారు. అందులో తేలిందేమంటే, పగ్, చివావా వంటి చిన్న జాతుల్లో ఎప్పుడు చేయించినా కీళ్ల జబ్బులు పెరిగినట్టు లేదు. పెద్ద జాతుల్లో చాలావాటిలో పెరిగింది, అన్నింటిలో కాదు, గ్రేట్ డేన్ అంతటి భారీ కుక్కలో పెరగలేదు. వారి సూచన ప్రకారం మగ జర్మన్ షెపర్డ్‌కు రెండేళ్లు దాటేదాకా ఆగితే మేలు, మగ గోల్డెన్‌కు ఏడాది దాటాలి, మగ లాబ్రడార్‌కు ఆరు నెలలు దాటితే చాలు. అంటే మీ వ్యాసంలో చెప్పిన ఆరు నెలల గడువు, అందులో బొమ్మ వేసిన జర్మన్ షెపర్డ్‌కు ఏడాదిన్నర ముందు వచ్చింది.

జాతి తెలియని కలగలుపు కుక్కల గురించి కూడా అదే బృందం 2020లో విడిగా రాసింది. పెద్దయ్యాక ఇరవై కిలోలు దాటే కుక్కలకు ఏడాది లోపు చేయిస్తే కీళ్ల జబ్బుల ముప్పు పెరిగింది, ఇరవై కిలోల లోపు వాటిలో పెరగలేదు. మన ఊరకుక్కల్లో చాలావరకు ఆ గీతకు ఇవతలే ఉంటాయి. కనుక వీధిలోంచి ఇంటికి తెచ్చుకొన్న దేశవాళీ మగపిల్లకు ఆరేడు నెలలకే చేయిస్తే ఎముకల విషయంలో బెంగపడవలసినది తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్కలన్నీ అమెరికాలో ఒక పెద్ద ఆసుపత్రికి వచ్చిన కుక్కలవి. అక్కడి తిండి వేరు, అక్కడి పెంపకం వేరు. మన దగ్గర ‘ప్యూర్ బ్రీడ్’ అని రసీదు కూడా లేకుండా అమ్మే కుక్కపిల్లల్లో పుట్టుకతోనే తుంటి బలహీనంగా ఉన్నవి ఎన్నో, వాటి తల్లిదండ్రుల కీళ్లకు ఎక్స్‌రే తీసినవారు ఎందరో చెప్పనవసరం లేదు. కాబట్టి ఈ అంకెలను దారి చూపే గుర్తులుగానే తీసుకోవాలి.

ఆగమని ఇంత చెప్పినవాణ్ణి, అసలు వద్దనడం లేదు. ఆపరేషన్ వల్ల కలిగే మేలు చిన్నదేమీ కాదు. వృషణాలు లేకపోతే వాటి కేన్సరు రాదు. వయసు మీరిన మగ కుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బడం చాలా మామూలు, దానివల్ల మూత్రంలో రక్తం, ముక్కుతూ మలవిసర్జనకు కూర్చోవడం చూస్తాం. ఆపరేషన్ అయిన కుక్కలో ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. మలద్వారం పక్క కండరాలు సడలి పేగు జారడం, అక్కడే పుట్టే హార్మోను కణితులు కూడా బాగా తగ్గుతాయి. ప్రోస్టేట్ కేన్సరు మాత్రం ఆపరేషన్ వల్ల ఆగదు, ఆ పేరు చెప్పి ఎవరైనా తొందర పెడితే నమ్మనక్కర లేదు.

ఒక్క పరిస్థితిలో మాత్రం చేయించాలా వద్దా అన్న చర్చే ఉండదు. మా వీధిలో ఒకరి ఇంట్లో పొమేరియన్ అని తెచ్చుకొన్న తెల్ల కుక్క ఉంది. ఏడాది దాటినా దాని సంచిలో ఒక్క వృషణమే ఉంది. ఆ ఇంటాయన అది దాని అదృష్టమన్నట్టు నవ్వుతూ చెప్పేవారు. మగ కుక్కపిల్లల్లో వృషణాలు సాధారణంగా రెండు నెలల లోపే కిందికి దిగుతాయి, ఆరు నెలలకు కూడా దిగకపోతే ఇక దిగవనే అనుకోవాలి. పొట్టలోనో గజ్జలోనో ఉండిపోయిన వృషణం ఒంటి వేడికి గురవుతూ ఉంటుంది కనుక దానిలో కణితి పుట్టే ముప్పు మామూలు కుక్కకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఇది వంశపారంపర్యం, ఆ కుక్కను జతకట్టించడం తప్పు. రెండూ తీయించాలి, దిగినదొక్కటే తీసి వదిలేయకూడదు. లోపల ఉన్నదాన్ని వెతికి తీసే ఆపరేషన్ మామూలుదానికన్నా పెద్దది కనుక ఖర్చూ ఎక్కువే, చేసే చేయి కూడా అనుభవం ఉన్నదై ఉండాలి. ఆరు నెలలప్పుడు కుక్కను డాక్టరుకు చూపించవలసిన అసలు కారణం ఇదీ. మీ వ్యాసంలో ఈ మాట ఉంటుందని ఆశగా చూశాను, లేదు.

ఇక స్వభావం గురించి. ‘ఆపరేషన్ చేయిస్తే కుక్క సాధువవుతుంది’ అన్నది మనవాళ్లలో గట్టిగా నాటుకొన్న నమ్మకం. హార్ట్ బృందమే 1976లో ఎదిగిన మగ కుక్కలపై చేసిన పరిశీలనలో, ఆపరేషన్ తరువాత బయట తిరుగుళ్లు నూటికి తొంభై కుక్కల్లో తగ్గాయి. ఇతర మగ కుక్కలతో కయ్యం, మీదెక్కడం వంటివి సగానికి పైగా కుక్కల్లో తగ్గాయి, ఇంట్లో గోడలకు కాలెత్తడం సుమారు సగం కుక్కల్లో తగ్గింది. ఇవన్నీ మగ హార్మోను నడిపించే పనులు. భయంతో కరవడం అలాంటిది కాదు. మా బంధువుల ఇంట్లో రెండేళ్ల కుక్క ఒకటి టపాకాయలకు వణికేది, కొత్తవారు వంగి తల నిమరబోతే కరిచేది. వారు ‘వేడి తగ్గుతుంది’ అని ఆపరేషన్ చేయించారు. కుక్క కోలుకొంది, మళ్లీ కరిచింది. దానికి కావలసింది చిన్ననాడు మనుషుల అలవాటు, ఆ తరువాత ఓర్పుతో కూడిన శిక్షణ. పిరికి కుక్కలో మగ హార్మోను తగ్గితే ఉన్న కాస్త ధైర్యం కూడా తగ్గవచ్చన్న అనుమానాన్ని వ్యక్తం చేసిన పరిశోధకులూ ఉన్నారు. కాబట్టి పిల్ల ఎందుకు మొరుగుతోంది, ఎందుకు మీదికొస్తోంది అన్నది తేల్చుకోకుండా ఆపరేషన్‌ను బుద్ధి చెప్పే మందుగా వాడకూడదు. కాపలాకు పనికిరాకుండా పోతుందన్న ఎదురు భయానికీ ఆధారం లేదు. గేటు దగ్గర అలికిడికి మొరగడానికి కుక్కకు చెవులూ ఇంటి మీద మమకారమూ చాలు.

లావెక్కడం గురించి చెప్పేది నిజమే గానీ, తప్పు కత్తిది కాదు, కంచానిది. ఆపరేషన్ తరువాత ఒంటికి కావలసిన శక్తి నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. మనం మాత్రం నీరసపడిందని పెరుగన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేస్తాం. లాబ్రడార్లలో ఇంకొక చిక్కుంది. వాటిలో దాదాపు నాలుగింట ఒకదానికి కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగా అందనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. మావాడు ఆ నాలుగో వాడేనని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆపరేషన్ అయిన మరుసటి వారం నుంచే కొలత గిన్నె పెట్టి తిండి తగ్గించాం, మా ఆవిడ రహస్యంగా పెట్టే బిస్కెట్లకు కూడా లెక్క కట్టాం. నెలకొకసారి తూకం వేస్తాం.

ఆపరేషన్ రోజు గురించి మీ వ్యాసం ఏమీ చెప్పలేదు గనుక రెండు మాటలు. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం కుక్కల్లో చాలా ఎక్కువ. పైకి హుషారుగా కనిపిస్తున్న కుక్కలో కూడా ఆ జ్వరం దాగి ఉండి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండవచ్చు. అలాంటి కుక్కకు కోత పెడితే రక్తం ఆగదు. కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించమని అడగాలి, డాక్టరు వద్దంటే ఎందుకు వద్దో అడగాలి. ముందు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు, పాపం అనిపించి పెట్టిన ఒక్క ముద్ద మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మత్తు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంటికొచ్చాక పది పద్నాలుగు రోజులు పరుగులు, దూకుళ్లు, స్నానం ఉండకూడదు. మెడకు గరాటు లాంటి పట్టీ కట్టాలి, జాలిపడి తీసేస్తే రాత్రికి రాత్రి కుట్లు నాకి ఊడదీస్తుంది. అన్నింటికన్నా ఎక్కువమంది మరిచేది ఇంకొకటి ఉంది. వృషణాలు తీసిన రోజే కుక్క గొడ్డుపోదు. నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల కొన్ని వారాల పాటు ఎదకొచ్చిన ఆడ కుక్కకు దూరంగా ఉంచాలి.

మా కుక్కకు పదహారో నెలలో చేయించాం. లాబ్రడార్‌కు అంత ఆగడం తప్పనిసరి కాదని పైన రాశాను. అయినా ఆగడానికి నాకు వీలుంది, కుక్క బయటికి పోదు, అప్పటికి ఎదుగుదల పూర్తయింది. ఆ పది నెలలూ ఉచితంగా ఏమీ రాలేదు. ప్రహరీ మీద ఇనుప జాలీ కట్టించాం, పక్క వీధిలో ఆడ కుక్క ఎదకొచ్చిన రెండు వారాలు తిండి ముట్టకుండా రాత్రంతా మూలిగితే మేమూ నిద్రపోలేదు, సోఫా కాలు ఒకటి దాని గుర్తుల వల్ల పాడైంది. ఇలాంటివి భరించలేని ఇల్లు, అందరూ ఉద్యోగాలకు పోయి పనిమనిషి గేటు తీసిపెట్టి వెళ్లే ఇల్లు, పిల్లలు తాడు వదిలేసే ఇల్లు అయితే కీళ్ల కోసం ఆగుదామని కూర్చోవడం వివేకం కాదు. అలాంటి చోట తొందరగా చేయించడమే ఆ కుక్కకూ మేలు, వీధికీ మేలు. 2023 నియమావళి పెంపుడు కుక్కల టీకాలూ సంతాన నిరోధకమూ యజమాని బాధ్యతేనని చెప్పింది. ఆ బాధ్యత నుంచి ‘మాది మగ కుక్క, మాకేం పోయింది’ అని తప్పుకొంటున్నవారు మన కాలనీల్లో తక్కువేమీ కాదు.

అసలు చేయించనే వద్దనుకొన్నవారికీ దారి ఉంది, ప్రకృతి పేరు చెప్పిన ఆ లేఖకులు దాన్ని వివరించి ఉంటే బాగుండేది. నార్వే దేశపు జంతు సంక్షేమ చట్టం తగిన కారణం లేకుండా జంతువుల అవయవాలు తీయకూడదంటుంది, అక్కడ ఇంటి మగ కుక్కల్లో చాలావాటికి ఆపరేషన్ జరగదు. అది చెల్లుతున్నది అక్కడి కుక్కలు తాడు లేకుండా ఊరు తిరగవు కనుక. మనమూ ఆ తాడును పదేళ్లకు పైగా పట్టుకోగలిగితే, ఏడాదికోసారి వృషణాలను, ప్రోస్టేట్‌ను డాక్టరుతో చూపించగలిగితే ఆపరేషన్ లేకుండానే పెంచవచ్చు. కాకపోతే, ‘ఒక్కసారైనా జతకట్టిస్తే గానీ ఆరోగ్యంగా ఉండదు’ అన్న మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. కుక్కపిల్లలను అమ్ముకొనేవారు పుట్టించిన మాట అది. ఒకసారి జతకట్టించిన కుక్క ఆ తరువాత శాంతించదు, ఇంకా వెతుక్కొంటుంది.

మీ పత్రికకు నా మనవి ఒకటే. ఆ వ్యాసంలోని ఆరు నెలల వాక్యాన్ని సవరిస్తూ చిన్న వివరణ వేయండి. ఆరు నెలలకు చేయవలసింది డాక్టరుకు చూపించి వృషణాలు రెండూ దిగాయో లేదో తెలుసుకోవడమనీ, కత్తి పట్టే రోజు కుక్క పెద్దయ్యాక తూగే బరువును బట్టి, జాతిని బట్టి, అది గేటు దాటుతుందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుందనీ అందులో ఉంటే చాలు. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో శస్త్రచికిత్స విభాగాలున్నాయి. అక్కడి ఆచార్యులలో ఒకరి చేత మన దగ్గర ఎక్కువగా పెంచే జాతులకు, దేశవాళీ కుక్కలకు వేర్వేరుగా ఏ వయసు తగునో తెలుగులో రాయించి ప్రచురిస్తే, పశువైద్యశాల బల్ల ముందు కుక్కపిల్లను ఎత్తుకొని నిలబడిన మనిషి ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టి ‘మా కుక్క ఇందులో ఏ వరుసలోకి వస్తుందండీ’ అని అడగగలుగుతాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఒంగోలు.